ఇల్లూ కంపెనీదే, నిద్రా కంపెనీదే

రాత్రి రెండు గంటలకు ఎవరైనా తలుపు కొడితే రైల్వే కాలనీలో ఉలిక్కిపడేవారు కాదు. కాల్ బాయ్ వచ్చాడన్నమాట. ఒక చేతిలో లాంతరు, చంకలో కాల్ బుక్. పేరుకు బాయ్ గానీ తల నెరిసినవాళ్లూ ఆ పని చేసేవారు. "డ్రైవర్‌గారూ, కాల్!" అని రెండు కేకలు పెట్టేవాడు. లోపల దీపం వెలిగేది. ఏ బండి, ఎన్నింటికి అని డ్రైవరు గడపలో నిలబడే అడిగి, లాంతరు వెలుగులో పుస్తకం మీద సంతకం గీకేవాడు. సిరా ఆరకముందే కాల్ బాయ్ పక్క వీధిలో ఫైర్‌మన్ ఇంటికి నడిచేవాడు.

కాల్ పడ్డాక ఉండే వ్యవధి రెండు గంటలు, అంతకన్నా తక్కువే తప్ప ఎక్కువ కాదు. ఆలోగా ఇల్లాలు పొయ్యి రాజేసి, అన్నం వండి, పప్పూ పచ్చడీ క్యారియర్లో సర్దాలి. బియ్యం, కందిపప్పు, ఉప్పు, కారం, నాలుగు ఉల్లిపాయలు విడిగా లైన్ బాక్సులో పెట్టాలి. వెళ్లిన మనిషి ఎప్పుడొస్తాడో చెప్పే నాథుడు లేడు. రేపు సాయంత్రం రావచ్చు, ఎల్లుండి తెల్లారుజామున రావచ్చు. అవతలి ఊరి రన్నింగ్ రూంలో ఎంతసేపు పడి ఉండాలో తిరుగు బండి తేలుస్తుంది.

రాత్రంతా ఇంజను మీద నిలబడి వచ్చిన మనిషి పగలు పడుకోవాలి. పిల్లలు వీధి చివరికి పోయి ఆడుకోవాలి. గిన్నె జారి కింద పడకూడదు. చుట్టాలొచ్చినా గొంతు తగ్గించి మాట్లాడాలి. లోకో షెడ్డు ఉన్న ఊరి క్వార్టర్లలో పెరిగిన ఎవరినైనా కదిపి చూడండి. చిన్నతనం గురించి చెప్పమంటే రైళ్లకన్నా ముందు నాన్న నిద్ర గురించే చెబుతారు.

రైల్వే ఊళ్లలో జరిగిన సమ్మెల గురించి రాసేవాళ్లు సాధారణంగా జీతాలతో, బోనస్‌తో మొదలుపెడతారు. అవి ముఖ్యమే. కానీ ఆ ఊళ్లలో మనిషికి తనదంటూ ఏం మిగిలిందో చూడకుండా ఆ సమ్మెలు అర్థం కావు. ఉండే ఇల్లు రైల్వేది, కుళాయి రైల్వేది, ఆస్పత్రి రైల్వేది, పిల్లల బడి రైల్వేది. ఆఖరికి పడుకునే వేళ కూడా కాల్ బుక్ చేతుల్లో ఉన్నదే. అలాంటి చోట పని ఆపడమంటే యజమానితో పాటు ఇంటి ఓనరుతో, డాక్టరుతో, మాస్టారుతో ఒకేసారి తలపడటం. ఈ సంగతి చెప్పడానికి ఖరగ్‌పూర్ కన్నా తగిన ఊరు దొరకదు. ఉన్నది బెంగాల్లోనే అయినా, ఆ ఊరికీ మన ఉత్తరాంధ్రకూ బంధం కలిసి వందేళ్లు దాటింది.

మొరం నేల మీద లేచిన ఊరు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. మిడ్నాపూర్ జిల్లాలోని ఎర్రమొరం నేల మీద, కొద్దిపాటి పల్లెలు తప్ప పెద్దగా ఏమీ లేని చోట, 1898 నుంచి 1900 మధ్య ఈ కంపెనీ లైన్లు వచ్చి కలిశాయి. ఒకటి టాటానగర్ వైపుగా నాగ్‌పూర్‌కు, ఒకటి కటక్ మీదుగా దక్షిణానికి, మరొకటి హౌరాకు. 1900లో రూప్‌నారాయణ్ నది మీద కోలాఘాట్ వంతెన పూర్తయ్యాక కలకత్తా దారి తెరుచుకుంది. మూడు దిక్కుల బళ్లూ ఆగే చోట పెద్ద వర్క్‌షాపు, లోకో షెడ్డు, యార్డు లేచాయి. వాటి చుట్టూ ఊరు మొలిచింది.

మనవాళ్లు అక్కడికి ఎలా చేరారన్నది కూడా లైన్ల కథే. తూర్పు తీర రైలుమార్గంలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ కంపెనీ చేతికి వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, గంజాం పల్లెల మనిషి తన ఊరి దగ్గర బండెక్కితే నేరుగా ఖరగ్‌పూర్‌లో దిగే వీలు కలిగింది. వాన పడితే పంట, లేకపోతే పస్తు అన్నట్టుండే ప్రాంతం అది. జమీందారీ పన్నుల కింద నలిగిన చిన్నకారు రైతులు, కూలీలు అప్పటికే ఓడెక్కి రంగూన్ పోతున్నారు. వాళ్లకు ఇది సముద్రం దాటక్కర్లేని వలస. ఒకడు ఖలాసీగా చేరితే ఏడాది తిరిగేసరికి బావమరిది వచ్చేవాడు, ఆ వెనక ఊళ్లో సగం వీధి వచ్చేది. నిమ్‌పురా, మథురాకాటి, మలంచ, గోల్‌బజార్ ప్రాంతాల్లో ఈనాటికీ తెలుగు వినబడుతుందంటే ఆ వలస చలవే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. అందుకు కారణంగా ముందు వినిపించిన పేరు ఈ ఊరిదే.

ఖరగ్‌పూర్ అనగానే అందరూ చెప్పేది ప్లాట్‌ఫారం పొడవు. 1072 మీటర్లకు పైగా ఉండే ఆ ప్లాట్‌ఫారం, 2013లో గోరఖ్‌పూర్ దాటిపోయేదాకా, ప్రపంచంలోనే పెద్దదని పిల్లల జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఉండేది. ప్లాట్‌ఫారం మీద నిలబడితే అసలు ఊరు కనపడదు. అది వర్క్‌షాపు గోడల వెనక, యార్డు లైన్ల అవతల ఉంటుంది.

కంపెనీ కట్టిన ఊరు గనక హోదాను బట్టే వీధులు పడ్డాయి. తెల్ల అధికారులకు తోటలున్న బంగళాలు, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లకు, గార్డులకు విశాలమైన ఇళ్లు, ఖలాసీలకు ఒక గది, ఒక వంటిల్లు, ముందు చిన్న వరండా. ఆ వరండాకు గోనెపట్టా కట్టి దాన్నే రెండో గది చేసుకునేవారు. పెళ్లయిన కొడుకు కాపురం అక్కడే. సాయంత్రం కాలక్షేపానికి కట్టిన ఇన్‌స్టిట్యూట్లు కూడా తెల్లవాళ్లకు వేరు, భారతీయులకు వేరు. మంచి లింకుల్లో (డ్యూటీ వరుసల్లో) మెయిల్ ఇంజన్లు నడిపే అవకాశమూ చర్మం రంగును బట్టే ఉండేది. చాలామంది మనవాళ్లకు బొగ్గు పార దగ్గరే సర్వీసు అయిపోయేది.

రెండు బఫర్ల మధ్య

గూడ్స్ యార్డు చేసే పని చెప్పడానికి తేలిక. నలుమూలల నుంచి వచ్చిన గూడ్సు బండిలో ఒక వ్యాగన్ బొగ్గు హౌరాకు, పక్కదాని ఉప్పు రాయ్‌పూర్‌కు, ఆ వెనకది వాల్తేరుకు పోవాల్సి ఉంటుంది. వాటిని విడదీసి, ఒక్కో దిక్కుకు పోయేవి ఒక్కో లైన్లోకి తోసి, కొత్త బళ్లు కట్టి పంపాలి. పెద్ద మార్షలింగ్ యార్డుల్లో ఇందుకోసం హంప్ అనే మట్టి గుట్ట ఉండేది. ఇంజను వెనక నుంచి బండిని గుట్ట మీదికి నెడుతుంది. పైకెక్కిన వ్యాగన్‌ను విప్పేస్తే తన బరువుతో తానే దొర్లుకుంటూ కిందికి పోతుంది. కేబిన్‌లో లీవరు లాగితే పాయింట్లు మారి అది తన లైన్లోకి మళ్లుతుంది. కింద మనుషులు పక్కన పరిగెడుతూ హ్యాండ్ బ్రేకు మీద బరువేసి దాని జోరు తగ్గించాలి, లేదా పట్టా మీద ఇనుప స్కిడ్డు పెట్టి ఆపాలి. పెట్టిన చెయ్యి వెంటనే వెనక్కి రావాలి.

ఈ పనికి ఎందరు మనుషులో! వచ్చిన ప్రతి వ్యాగన్ నంబరూ, అది పోవాల్సిన చోటూ నోటుబుక్కులో ఎక్కించే నంబర్ టేకరు. సుత్తితో చక్రాన్ని కొట్టి, మోగిన తీరును బట్టి పగులు పసిగట్టే టీఎక్స్‌ఆర్ (ట్రైన్ ఎగ్జామినర్) మనుషులు. పాడైన వ్యాగన్లను సిక్ లైన్లోకి పంపించే షంటింగ్ జమేదారు. కేబిన్‌మన్, లీవర్‌మన్, యార్డ్ మాస్టరు. వీళ్లందరిలోనూ చావుకు దగ్గరగా పనిచేసినవాడు పాయింట్స్‌మన్ అని నా అభిప్రాయం.

అతని పని దగ్గరగా చూడాలి. పాతకాలపు నాలుగు చక్రాల వ్యాగన్‌కు ఇరువైపులా రెండేసి బఫర్లు, మధ్యలో కొక్కెం, దానికి వేలాడే స్క్రూ కప్లింగ్ ఉండేవి. ఇంజను ఒక వ్యాగన్‌ను తెచ్చి ఇంకోదానికి ఆనిస్తుంది. పాయింట్స్‌మన్ బఫర్ల కింద నుంచి వంగి మధ్యలోకి దూరుతాడు. బఫర్లు కాస్త నొక్కుకుని ఉన్నప్పుడే ఆ బరువైన ఇనుప లంకెను రెండు చేతులా ఎత్తి అవతలి కొక్కేనికి తగిలించాలి. మధ్యలో ఉన్న పిడిని తిప్పుతూ స్క్రూ బిగించాలి. మళ్లీ వంగి, వాక్యూం గొట్టాలు కలిపి, బయటికి వచ్చి చేతిదీపం ఊపాలి. ఎర్రది, పచ్చది, తెల్లది, మూడు వెలుగులు చూపించే దీపం అది. వ్యాగన్లు పూర్తిగా ఆగాకే మధ్యకు వెళ్లాలన్నది నిబంధన. రాత్రికి ఇన్ని బళ్లు కట్టి పంపాలన్న ఒత్తిడి ముందు ఆ నిబంధన నిలిచేది కాదు. శ్రావణమాసపు వానలో, చేతికి జిగట గ్రీజు అంటుకుని ఉండగా, ఇంజను డ్రైవరు దీపం తప్పు చూసి ఒక అడుగు వెనక్కి నెట్టాడంటే లోపల ఉన్న మనిషికి తప్పుకునే చోటు లేదు. అందుకే యార్డు కాలనీల్లో వేళకాని వేళ సైకిలు మీద ఎవరైనా వస్తున్నారంటే ఆడవాళ్ల గుండె జారేది. తర్వాతి కాలంలో వచ్చిన సెంటర్ బఫర్ కప్లర్లు వాటంతట అవే పట్టుకుంటాయి. ఆ మార్పు ఎన్ని ప్రాణాలు నిలిపిందో యార్డు మనుషులకే తెలుసు.

లోకో షెడ్డు ఇంకో లోకం. చిత్తరంజన్‌లో 1950 నుంచి తయారైన డబ్ల్యూజీ ఇంజన్లు గూడ్స్ బళ్లకు వెన్నెముకగా ఉండేవి. ఒక డ్రైవరు, ఇద్దరు ఫైర్‌మన్లు. ఎత్తుగడ్డ మీద బరువు లాగుతున్నప్పుడు పార ఆగడానికి లేదు. బొగ్గు ఒకేచోట కుమ్మరిస్తే మంట చస్తుంది, పలచగా పరచాలి, మూలలకు అందాలి. ఒక పక్క మొహం మాడిపోయే వేడి, వెనక వీపుకు చలిగాలి. బూడిద ఎక్కువుండే బొగ్గు వస్తే గడ్డకట్టిన క్లింకర్లను పొడవాటి ఇనుప కడ్డీతో పొడిచి రాల్చాలి. షెడ్డుకు చేరాక ఇంజన్‌ను బూడిద గుంత మీద నిలబెట్టి ఖలాసీలు కింద నుంచి నిప్పులు లాగేవారు. బాయిలరు కడిగే రోజున, ఇంకా వేడి చల్లారని ఫైర్‌బాక్సులోకి మనిషే పాక్కుంటూ పోవాలి.

1927: మొదటి లెక్క

బరంపురం మనిషి వరాహగిరి వేంకటగిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లి, అక్కడి ఐరిష్ స్వాతంత్ర్య పోరాటాన్ని, కార్మికోద్యమాన్ని చూసి 1916లో తిరిగొచ్చారు. సహాయనిరాకరణ పిలుపుతో ప్రాక్టీసు వదిలేశారు. ఆయన ఇంటి ముందు నుంచే బీఎన్ రైల్వే లైను పోతున్నట్టు లెక్క. ఆ లైను మీది కార్మికుల్లో తన భాష మాట్లాడేవాళ్లు వేలల్లో ఉన్నారు. 1920ల మొదట్లో బీఎన్ రైల్వే కార్మికుల సంఘాన్ని నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు ఆయనే. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ (ఏఐటీయూసీ) అధ్యక్షుడయ్యారు. 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక సదస్సుకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు.

ఆ 1927లోనే ఖరగ్‌పూర్ రెండుసార్లు అట్టుడికింది. ఫిబ్రవరిలో మొదలైన సమ్మెలో కార్మికుల మీద కాల్పులు జరిగాయి. కేంద్ర శాసనసభలో దానిపై రభస అయింది. మార్చిలో సమ్మె ముగిసింది గానీ గాయం మానలేదు. అంతకుముందు ఏడాది సర్ విన్సెంట్ రేవెన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ, రైల్వే వర్క్‌షాపుల్లో మనుషులు ఎక్కువగా ఉన్నారనీ తగ్గించాలనీ తేల్చింది. ఆ కత్తి ముందు పడిన చోట్లలో ఖరగ్‌పూర్ ఒకటి. సెప్టెంబరులో పెద్ద ఎత్తున తొలగింపులు ప్రకటించేసరికి వర్క్‌షాపు స్తంభించింది. పోరు డిసెంబరు దాకా సాగింది.

మూడు నెలలు జీతం లేకుండా కంపెనీ ఊళ్లో బతకడమంటే ఏమిటో ఆలోచించండి. పల్లెలో కరవొస్తే పక్కింటి గాదె నుంచి కుంచెడు బదులు దొరుకుతుంది. కంపెనీ ఊళ్లో పక్కింటివాడూ సమ్మెలోనే ఉన్నాడు, ఎదురింటివాడూ సమ్మెలోనే ఉన్నాడు. గోల్‌బజార్ దుకాణదారు అప్పు ఇస్తే ఇచ్చినట్టు, లేదంటే లేదు. పని పోతే ఇల్లు పోతుంది. ఇల్లు పోతే ఊరే పోతుంది, ఎందుకంటే ఆ ఊళ్లో కంపెనీది కాని నేల తక్కువ. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లిన కుటుంబాలకు ఆ రోజుల్లో ఆసరా అయినవి వెనక వదిలొచ్చిన అరెకరమో, అన్నదమ్ముల ఇల్లో. పిల్లల్ని ఊరికి పంపేసి మగవాళ్లు నిలబడటం తర్వాతి సమ్మెల్లోనూ కనిపిస్తుంది. వలస వచ్చినా తెంచుకోకుండా ఉంచుకున్న ఆ పల్లె బంధమే సమ్మె నిధిలా పనిచేసిందని నేను నమ్ముతాను. చరిత్ర పుస్తకాలు దీనికి దక్కాల్సిన చోటు ఇవ్వలేదు.

సంఘాలకు చట్టబద్ధత ఇచ్చే ట్రేడ్ యూనియన్ల చట్టం అమల్లోకి వచ్చింది కూడా 1927లోనే. తర్వాత దశాబ్దాల్లో చాలా జరిగాయి. 1944లో బీఎన్ రైల్వే ప్రభుత్వపరమైంది, యుద్ధకాలంలో కార్మికులకు చౌకగా తిండిగింజలిచ్చే గ్రెయిన్ షాపులు వచ్చాయి, పోయాయి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. 1960 జూలైలో కేంద్ర ఉద్యోగుల సమ్మె ఐదు రోజుల్లో అణిగింది, 1968 సెప్టెంబరు 19న ఒకరోజు సమ్మె జరిగింది. బంగళాల్లో ఉండేవాళ్ల రంగు మారింది. కాల్ బుక్ మాత్రం మారలేదు.

ఇరవై రోజులు

ఇంజను మనిషి డ్యూటీ ఎన్ని గంటలు? 1970ల మొదట్లో ఈ ప్రశ్నకు సూటిగా జవాబు లేదు. రోస్టర్లు సగటు లెక్క కట్టేవి. సిగ్నల్ దొరక్క లూప్ లైన్లో గంటల తరబడి నిలబడిపోయిన గూడ్స్ మీద ఆ సగటుకు అర్థం లేదు. పద్నాలుగు, పదహారు గంటలు పార వదలని రోజులు మామూలు. లోకో రన్నింగ్ స్టాఫ్ అసోసియేషన్ 1973లో సమ్మెకు దిగి, ఆగస్టులో ప్రభుత్వాన్ని పది గంటల పరిమితికి ఒప్పించింది. ఒప్పుకున్న మాట లైను మీద అమలైందా అన్నదే తర్వాతి గొడవ.

అదే ఏడాది మూడో వేతన సంఘం నివేదిక వచ్చింది. కనీస వేతనం నెలకు 185 రూపాయలని చెబితే, ప్రభుత్వం దాన్ని 196 చేసింది. ధరలు ఏడాదిలో ఇరవై శాతానికి పైగా ఎగబాకుతున్న కాలం. ప్రభుత్వ రంగ కర్మాగారాల్లో అదే నైపుణ్యమున్న ఫిట్టరుకు జీతం ఎక్కువ, దానిపైన బోనస్. రైల్వేలో బోనస్ అసలే లేదు. 1973 చివర్లో ఆలిండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్ అధ్యక్షుడైన జార్జ్ ఫెర్నాండెజ్ చొరవతో 1974 ఫిబ్రవరిలో సంఘాలు కలిసి ఒక జాతీయ సమన్వయ సంఘంగా ఏర్పడ్డాయి. కాంగ్రెస్ అనుబంధ ఫెడరేషన్ బయటే ఉండిపోయింది.

డిమాండ్ల జాబితాను ఇప్పుడు చదివితే అది ఒక క్వార్టర్‌లో సంసారం లెక్కలా ఉంటుంది. ఎనిమిది గంటల పని. ధరలకు తగ్గ కరువుభత్యం. బోనస్. ప్రభుత్వ రంగ సంస్థలతో సమాన జీతం. క్యాజువల్ కూలీలను పర్మనెంట్ చేయడం. చౌక ధరకు తిండిగింజలు. దేశంలో అతిపెద్ద యజమాని దగ్గర పనిచేసేవాళ్లు, ఆ దేశంలోని బియ్యాన్ని నడిపించేవాళ్లు, తమ ఇంటికి బియ్యం కావాలని అడిగారు.

చర్చలు నడుస్తుండగానే మే 2న ఫెర్నాండెజ్‌ను లక్నోలో అరెస్టు చేశారు. మే 8 ఉదయం ఆరింటికి సమ్మె మొదలైంది. పదిహేడు లక్షల మంది పనిచేసే సంస్థ అది. డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్సు కింద సమ్మెను నిషేధించారు. అరెస్టులు వేలల్లో జరిగాయి, ఆంతరంగిక భద్రతా చట్టం కూడా ప్రయోగించారు. రైల్వే మంత్రి లలిత్ నారాయణ్ మిశ్రా. ఇంజన్ల మీదికి టెరిటోరియల్ ఆర్మీ వచ్చింది. ఉత్తరాన, దక్షిణాన, తూర్పున రైల్వే కాలనీల్లోకి పోలీసు వ్యాన్లు దిగాయి. మే 18న పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరిగితే పత్రికల మొదటి పేజీ అటు తిరిగిపోయింది.

మగవాళ్లు పొలాల్లో, చుట్టాల ఇళ్లలో తలదాచుకున్నారు. ఎదురుపడితే పట్టుకుపోయి బలవంతంగా డ్యూటీ ఎక్కిస్తారన్న భయం. ఇన్నాళ్లూ రాత్రి రెండింటికి తలుపు కొడితే లేచి పొయ్యి రాజేసిన ఆడవాళ్లే ఇప్పుడు అదే తలుపు వెనక నిలబడి "ఇంట్లో లేరు" అని చెప్పాల్సి వచ్చింది. కుళాయి ఆపేస్తామన్నారు, కరెంటు తీసేస్తామన్నారు, క్వార్టరు ఖాళీ చేయమన్నారు. ఎన్నో చోట్ల సామాన్లు వీధిలో పడ్డాయి. సమ్మెను ఎన్ని రోజులు సాగించాలన్నది నాయకులు కమిటీ గదుల్లో నిర్ణయించారు. సాగించగలమా లేదా అన్నది మాత్రం చాలా ఇళ్లలో బియ్యం డబ్బా వైపు చూసి ఆడవాళ్లే నిర్ణయించారు. యూనియన్ ఆఫీసు గోడల మీద వాళ్ల ఫొటోలు అరుదు.

ఆ మే నెలలో రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది వి.వి.గిరి. ఖరగ్‌పూర్ కార్మికుల సంఘాన్ని కట్టిన మనిషి, 1954లో బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం మార్చిందని కేంద్ర కార్మిక మంత్రి పదవికి రాజీనామా చేసిన మనిషి, రాష్ట్రపతి పదవీకాలపు ఆఖరి నెలల్లో ఉన్నారు. యూనియన్ కట్టినవాడే దేశాధినేత అయిన రోజున ఆ యూనియన్ల నాయకులు జైల్లో ఉన్నారు. మన రాజ్యాంగంలో రాష్ట్రపతికి ఉన్న పరిధి తెలిసినవాళ్లకు ఇందులో ఒక మనిషిని నిందించాల్సింది కనబడదు. రాజ్యం యజమాని కుర్చీలో కూర్చుంటే ఎలా ప్రవర్తిస్తుందో మాత్రం కనబడుతుంది. 1927లో విదేశీ కంపెనీ పట్టిన ఆయుధాలు ఇల్లు, జీతం, పోలీసు. 1974లో స్వతంత్ర ప్రభుత్వం పట్టినవీ అవే.

మే 27న సమ్మె విరమించారు. ఏ డిమాండూ తీరలేదు. రైల్వే క్రమశిక్షణ నిబంధనల్లో 14(ii) అనే ఒక ఉపనిబంధన ఉంది. దాని కింద విచారణ లేకుండానే ఉద్యోగం తీసేయొచ్చు. వేలమంది ఇంటికి ఆ కాగితం వచ్చింది. తిరిగి చేరినవాళ్లకూ బ్రేక్ ఇన్ సర్వీస్ పడింది, అంటే ఇరవై ఏళ్ల సీనియారిటీ ఒక గీతతో మాయం. మరుసటి ఏడాది జూన్‌లో దేశమంతటా విధించిన ఎమర్జెన్సీ రుచి రైల్వే కాలనీలకు ఏడాది ముందే తెలిసిందని అప్పటి కార్మికులు అనడంలో అతిశయోక్తి లేదు.

తర్వాత

1977లో జనతా ప్రభుత్వం వచ్చి, మధు దండావతే రైల్వే మంత్రయ్యాక తీసేసినవాళ్లను వెనక్కి పిలిచారు, సర్వీసు విరామాన్ని మాఫీ చేశారు. మూడేళ్లలో కొందరు బళ్లలో వేరుశనక్కాయలు అమ్మారు, కొందరు రిక్షా తొక్కారు, కొందరు ఊరికి పోయి తమ్ముడి పొలంలో కూలి చేశారు. కొందరు వెనక్కి పిలిచేదాకా బతకలేదు. 1979లో రైల్వే ఉద్యోగులకు ఉత్పత్తితో ముడిపెట్టిన బోనస్ వచ్చింది. దసరా ముందు పడే ఆ డబ్బు వెనక ఈ ఇరవై రోజులున్నాయని ఇప్పుడు అందుకుంటున్న కుర్రాళ్లలో ఎందరికి తెలుసో.

యార్డును మాత్రం ఏ సమ్మే ఆపలేదు, ఏ సమ్మే కాపాడనూ లేదు. 1980ల మొదట్లో రైల్వే బోర్డు విధానం మార్చింది. ఒక్కో వ్యాగన్ ఏరి కట్టే పద్ధతి పోయి, గని దగ్గర నిండిన బండి మొత్తం విప్పకుండా విద్యుత్ కేంద్రం దాకా పోయే పద్ధతి వచ్చింది. హంపులకు పని తగ్గింది. నంబర్ టేకర్ నోటుబుక్కు కంప్యూటర్‌లోకి పోయింది. 1990ల మధ్యకు బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజను చరిత్ర అయింది. ఆవిరి మీదే బతికిన నెల్లూరు జిల్లా బిట్రగుంట ఎలా చిన్నబోయిందో మనం చూశాం. వర్క్‌షాపు ఉండబట్టి ఖరగ్‌పూర్ నిలబడింది.

పని గంటల ప్రశ్న అయితే ఇంకా లైను మీదే ఉంది. 2024 జూన్‌లో దక్షిణ రైల్వేలో లోకో పైలట్లు రోజువారీ పదహారు గంటల విశ్రాంతికి వారపు ముప్పై గంటలు కలిపి ఇవ్వాలనీ, వరుసగా రెండు రాత్రులకు మించి డ్యూటీ వేయొద్దనీ ఆందోళనకు దిగారు. కాల్ ఇప్పుడు సెల్‌ఫోన్‌కు వస్తుంది. అడుగుతున్నది 1973లో అడిగినదే.

1974లో ఇరవై ఏళ్ల ఖలాసీగా సమ్మెలో ఉన్నవాడికి ఇప్పుడు డెబ్బై దాటాయి. రైల్వే మ్యూజియంలలో ఇంజన్లకు రంగులేసి నిలబెట్టారు, మంచిదే. వాటి పక్కన ఒక కాల్ బుక్, ఒక స్క్రూ కప్లింగ్, తెలుగులో, బెంగాలీలో, హిందీలో అచ్చయిన సమ్మె కరపత్రాలు, 14(ii) కింద వచ్చిన ఒక ఉత్తరం కూడా పెట్టాలి. ఇవి ఆర్కైవుల్లో వెతికితే దొరికేవి కావు. ఖరగ్‌పూర్ మలంచలో, కాజీపేటలో, గుంతకల్లులో, వాల్తేరు కాలనీల్లో ట్రంకుపెట్టెల అడుగున, పెన్షన్ కాగితాల మధ్య ఉన్నాయి. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు విద్యార్థులకు రికార్డర్లు ఇచ్చి ఈ ఏడాదే ఆ ఇళ్లకు పంపాలి. మగవాళ్లతో పాటు, ఆ తలుపు వెనక నిలబడి "ఇంట్లో లేరు" అని చెప్పిన ఆడవాళ్ల మాటలూ రికార్డు చేయాలి.